నాచారంలో కట్టిన చలిదేశపు గది

ఈ ఏడు చలి ఉప్పల్ మీద ఏదో పాత కక్ష ఉన్నట్టు వచ్చి పడింది. పొద్దున్నే రింగురోడ్డు మీద చూస్తే మెట్రో స్తంభాలు కూడా కాస్త దగ్గరగా జరిగి నిలబడితే బాగుండునని ఆలోచిస్తున్నట్టు కనిపించాయి. పాలవాడు పాకెట్టు గుమ్మంలో వేస్తే ఇటుక పడ్డ చప్పుడు వచ్చిందని నేనంటే మా ఆవిడ నమ్మలేదుగాని, ఆ సాయంత్రమే హబ్సిగూడ వెళ్లి ఒక హీటరు కొనుక్కొచ్చింది. ఇనుప రెక్కలు వరసగా పేర్చి, లోపల నూనె పోసి, కింద చక్రాలు బిగించిన వస్తువు. చూడటానికి చిన్న జాతి ఏనుగు ఒకటి పక్కకి తిరిగి నిలబడ్డట్టు ఉంటుంది. మా గదిలో ప్లగ్గు ఉన్నదేమో బీరువాకీ గోడకీ మధ్య, బల్లి కూడా ఊపిరి బిగబట్టి తిరిగే సందులో. కాబట్టి హీటరుని అక్కడికే నెట్టి, దాని మీటని తిప్పడానికి నేను నేలమీద బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి చాపి, గోడకు చెంప ఆనించి తడుముతుంటే, వేళ్లకి ఒక గుండ్రటి బుడిపె తగిలింది. దాని మీద ఉబ్బెత్తుగా గీతలు. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. అంకెలకి ముందు మంచుపువ్వు బొమ్మ.

అంతే, నేను లేవలేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. "గట్ల పండుకొని దాన్నే పట్టుకుంటే వేడి రాదు, స్విచ్ ఎయ్యాలె. హీటర్ తెచ్చింది చలికి, మీరు మొక్కెతందుకు కాదు" అని మా ఆవిడ అనేదాకా నేను పాతికేళ్లనాటి నాచారంలోనే ఉన్నాను.

మన ఈడు వాళ్లకి చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో నాచారం పారిశ్రామిక ఎస్టేటులో పొద్దున సైరను మోగితే ఉప్పల్ దాకా ఉన్న గడియారాలన్నీ సిగ్గుపడి తమను తాము సరిచేసుకునేవి. ఆ సైరనుకి సైకిళ్లు బయలుదేరితే రోడ్డు కనపడేది కాదు. ప్రతి సైకిలుకీ ఒక టిఫిను డబ్బా, ప్రతి డబ్బాలో ఒక పచ్చడి, ఆ పచ్చళ్ల వాసనలన్నీ కలిసి ఒక మేఘంలా ముందు నడిస్తే, వెనక మనుషులు దాన్ని పట్టుకుని షెడ్లకు చేరేవారు. నేను కూడా ఆ మేఘం వెనకాలే, మా మేనమామ సైకిలు వెనక సీటు మీద కూర్చుని మొదటి నౌకరీకి వెళ్లాను.

మా మామ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో పోయేదంతా ఆయనదే. ఆయన పని చేసిన షెడ్డు నిలబడి ఉన్నది ఆయన చేలోనే. ఎస్టేటు వచ్చినప్పుడు తాతగారి భూమి దాని కిందికి పోయింది, బదులుగా ఇంటికొకరికి పని అన్నారు, మామకి మీసం మొలిచీ మొలవకముందే ఇత్తడి నల్లాలు తయారుచేసే ఈ కంపెనీలో పని దొరికింది. తన చేలోకి తానే గేటు పాసు చూపించి, తన చేలో తానే సంతకం పెట్టి, తన చేలో తానే సెలవుకి దరఖాస్తు పెట్టుకున్న రైతు భూప్రపంచంలో మా మామ ఒక్కడేనని నా గట్టి నమ్మకం. లేతు మిషను ఉన్నచోట వంకాయ తోట ఉండేదట. స్టోరు గది కింద బావి ఉందట. షెడ్డు వెనక గోడవారన జానెడు నేల మిగిలితే, తొలకరి పడగానే అందులో గుప్పెడు జొన్నలు చల్లేవాడు. నాలుగు కంకులు వేసేవి. వాటిని క్యాంటీను పొయ్యిలో కాల్చి అందరికీ తలో పది గింజలు పంచి, పంట ఎట్లుంది అని అడిగేవాడు. బాగుంది అనని వాడికి మరుసటి ఏడు వాటా ఉండేది కాదు.

నన్ను అక్కడ పెట్టించిందీ ఆయనే. నేను డిగ్రీ చదివాను, ఇంగ్లీషు వచ్చు అని కంపెనీ సారుతో చెప్పాడు. నా ఇంగ్లీషు ఎంతటిదంటే, నేను మాట్లాడితే ఇంగ్లీషు వాళ్లకి తెలుగు నేర్చుకోవాలనిపించేది. అయినా మామ మాట మీద సారు నన్ను ఉత్తరప్రత్యుత్తరాల గుమాస్తాగా వేసుకున్నారు. సారు పెద్దమనిషి, తెల్లటి చొక్కా, ఎంత కోపం వచ్చినా చొక్కా పైగుండీ విప్పడం తప్ప వేరే శిక్ష తెలియనివాడు.

అప్పటికే ఇత్తడి నల్లాలకి రోజులు చెల్లాయి. ప్లాస్టిక్ నల్లాలు సంతలో పుచ్చకాయల్లా కుప్పలు పోసి అమ్ముతుంటే మా ఇత్తడి నల్లాని కొనేవాడు పెళ్లికూతురికి సారె పెట్టేవాడో, మతి తప్పినవాడో అయి ఉండాలి. ఒక్కో మిషనూ గుడ్డ కప్పుకుని పడుకోవడం మొదలుపెట్టింది. అలాంటప్పుడు సారు ఎక్కడెక్కడో తిరిగి ఒక విదేశీ ఆర్డరు మాట తెచ్చారు. చలిదేశాల్లో ఇళ్లకి బిగించే వాల్వులు. ముందు ఒక విడత చేసి చూపించాలి. వాళ్ల మనిషి వచ్చి చూసి సరేనంటే ఏళ్ల తరబడి పని. కాదంటే, సారు దాచకుండా అందరినీ నిలబెట్టి చెప్పారు, షెడ్డు అమ్మేస్తాను, నాకింక ఓపిక లేదు.

ఆ సాయంత్రం మామ సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. "భూమి వోయిన్నాడు నౌకరి దొరికింది అల్లుడా. ఇగ నౌకరి గూడ వోతే, ఆ జాగల నిలవడెతందుకు నాకు ఏ వంక ఉండది" అన్నాడు. మా మామ నోట అంత పొడుగు విచారం నేను అదే మొదటిసారి విన్నాను.

వాల్వు కొలతల నక్షతో పాటు వాళ్లు ఒక చిన్న పుస్తకం పంపారు. దాన్ని చదివి అందరికీ తెలుగులో చెప్పడం నా పని. రేడియేటరు అనగానే మా వాళ్లంతా లారీ ముందు భాగం ఊహించుకున్నారు, చలిదేశాల్లో ఇంటికో లారీ ముఖం కోసి గోడకు తగిలిస్తారని కొన్నాళ్లు నమ్మారు కూడా. కాదు, అది గోడవార నిలబెట్టిన ఇనుప పలక, దాని లోపల వేడినీళ్లు తిరుగుతుంటాయి, ఆ వేడికి గది వెచ్చబడుతుంది అని నేను విడమరిచాను. మామ చాలాసేపు ఆలోచించి, "అంటే ఇంట్లకు ఉడుకు నీళ్ళు వస్తయి, ఇల్లంత తిరిగి మళ్ళ వోతయి, ఎవ్వరు తానం జెయ్యరు. గంతేనా" అని అడిగాడు. గంతే అన్నాను. ఆయన ఆ జాతి మీద జాలిపడ్డాడు.

ఇక వాల్వు. దానికి కింద ఇత్తడి ఒళ్లు, పైన తెల్లటి తల, తల మీద మంచుపువ్వూ ఐదు అంకెలూ. తలలో మైనంలాంటిదేదో ఉంటుంది. గది వేడెక్కితే అది ఉబ్బి ఒక పిన్నుని కిందికి నొక్కుతుంది, నీళ్లు ఆగుతాయి. గది చల్లబడితే అది ముడుచుకుంటుంది, పిన్ను లేస్తుంది, నీళ్లు పారుతాయి. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. తలలు వాళ్లే పంపారు, ఒళ్లూ పిన్నూ మేము చెయ్యాలి. అయితే అసలు చిక్కు వేరే ఉంది. ఆ దేశాల్లో పాత ఇళ్లు కట్టినవాళ్లు రేడియేటర్లని మనుషులకు అందకుండా దాచడమే పరమార్థం అనుకున్నారట. సోఫా వెనక, పరదా కింద, తలుపు మూల, బీరువా సందు. అక్కడ వాల్వు బిగించాలంటే చెయ్యి పట్టదు. పట్టినా, ఆ సందులో చిక్కుకున్న వేడిని చూసి వాల్వు తల గదంతా వెచ్చగా ఉందనుకుని మూసుకుంటుంది, గదిలో మనిషి మాత్రం వణికి చస్తాడు. కాబట్టి అలాంటి చోట్లకి వాల్వుని పక్కకు తిప్పి బిగించే ఒంపు తునకలూ, తలను దూరంగా పెట్టుకునే సన్నటి రాగి తీగలాంటి గొట్టాలూ మేము తయారుచేసి, ఎంత ఇరుకులోనైనా బిగించవచ్చని వాళ్ల మనిషికి కళ్లారా చూపించాలి.

చూపించాలంటే ఇల్లు కావాలి. నాచారంలో చలిదేశపు ఇల్లు ఎక్కడ దొరుకుతుంది. కాబట్టి షెడ్డు మూలలో మేమే ఒకటి కట్టాం. ప్లైవుడ్డుతో మూడు గోడలు లేపాం. సారు ఇంటినుంచి సోఫా వచ్చింది, ఆఫీసునుంచి ఇనుప బీరువా వచ్చింది. లారీ బాడీలు కట్టే వెల్డరు రేడియేటర్లు చేసిచ్చాడు, అలవాటు కొద్దీ ఒకదాని మీద హారన్ కొట్టుము అని రాసి తీసుకొచ్చాడు. కిటికీ పెట్టాం కదా, బయట ఏదో కనపడాలని ఆ వెల్డరు దగ్గరి పెయింటరే మంచుకొండలు వేశాడు. ఆ కొండల మధ్య రెండు కొబ్బరిచెట్లు, ఒక తామరపువ్వు కూడా వేశాడు, అవి లేకుండా బొమ్మ ముగించడం అతని చేతికి రాదు. పరదాకి మా అత్త తన పెళ్లినాటి దుప్పటి ఇచ్చింది, పని అయిపోగానే ఉతికి ఇవ్వాలనే షరతుతో. గది పూర్తయ్యాక అందరూ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవారు. ఎవరూ చెప్పలేదు, పరాయి దేశం కదా అనే మర్యాద.

మొదటి వాల్వు తయారైన రోజు మా షెడ్డు ఆనవాయితీ ప్రకారం దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సారు గదిలో లక్ష్మీదేవి పటం ముందు పెట్టాం. ఏ కొత్త సరుకైనా మొదటిది అమ్మవారిది, దాన్ని మళ్లీ ఎవరూ ముట్టుకోరు.

ఆ తరవాత మామ బిగింపు మొదలుపెట్టాడు. ఆ దృశ్యం చూడనివాడి జన్మ సగం వృథా అంటాను. బీరువాని ఒక్క అంగుళం జరపకుండా, నేలమీద వెల్లకిలా పడుకుని, ఒక చెయ్యి కిందినుంచీ ఇంకో చెయ్యి పక్కనుంచీ లోపలికి పోనిచ్చి, పళ్ల మధ్య స్పానరు పట్టుకుని, ముక్కు గోడకు నొక్కుకుపోతుంటే, బీరువాకి చేతులూ కాళ్లూ మొలిచి ఈత కొడుతున్నట్టు ఉండేది. మామూలు స్పానరు తిరగదని, దాన్ని సగానికి కోసి వంకీలా వంచుకున్నాడు. వెనక కనపడటానికి అత్త బొట్టుపెట్టుకునే అద్దం తెచ్చుకున్నాడుగాని దాన్ని చూసిన పాపాన పోలేదు. కళ్లు మూసుకునే బిగించేవాడు. ఎలాగని అడిగితే, "ఇది కండ్లతోని జేసే పని గాదు అల్లుడా. బర్రె కడుపుల దూడ అడ్డం దిరిగితె సెయ్యి వెట్టి ఎట్ల సవరిస్తం, గట్లనే" అన్నాడు. క్యాంటీను నడిపే అన్న అటు పోతూ, "అయితే జర పదిలం మామ, తన్నుతది" అన్నాడు. సోఫా వెనకా, తలుపు మూలా, పరదా కిందా అన్నీ అలాగే, మంత్రసాని పనిలా, ఒక్క చుక్క కారకుండా బిగించాడు.

పరీక్ష రోజు వచ్చింది. వైశాఖ మాసం. ఆ ఎండ గురించి నేను చెబితే అతిశయోక్తి అంటారు కాబట్టి తగ్గించి చెబుతాను. కాకులు ఎగరడం మానేసి నీడలు చూసుకుంటూ నడిచి వెళ్లేవి. షెడ్డు రేకులు మధ్యాహ్నానికి అప్పడం వేగినట్టు చప్పుడు చేసేవి. అలాంటి రోజున క్యాంటీను పొయ్యి మీద డ్రమ్ము పెట్టి, కట్టెలు ఎగదోసి, నీళ్లు మరగబెట్టి, పంపుతో మా చలిదేశపు గదిలోకి వదిలాం. మామ వాల్వు తల మీది అంకెని ఒకటి దగ్గరినుంచి తిప్పుకుంటూ ఐదు దాకా తెచ్చాడు. నీళ్లు రాలేదు. ఇంకో వాల్వు. రాలేదు. సోఫా వెనకది, పరదా కిందిది, తలుపు మూలది, అన్నీ ఒక్క మాట మీద ఉన్నట్టు నోరు మూసుకున్నాయి. తల ఊడదీస్తే నీళ్లు పారుతున్నాయి. తల బిగిస్తే ఆగిపోతున్నాయి.

అందరం ఆ గదిలో కూర్చుని తలా ఒక శాస్త్రం చెప్పాం. నేను పుస్తకాన్ని అట్టనుంచి అట్టదాకా చదివాను. ఐదుకి తిప్పితే పూర్తిగా తెరుచుకుంటుంది అని ఉంది. తెరుచుకోకపోతే ఏం చెయ్యాలో లేదు. ఐదుకి మించిన వేడి మనుషులు కాపురముండే చోట ఉంటుందని ఆ రాసినాయనకి ఎవరు చెబుతారు. సారు స్ప్రింగు మెత్తబడిందన్నారు. క్యాంటీను అన్న, "ఆ దేశపోళ్ళు పొడుగు మనుషులు గద సార్, పిన్ను గూడ ఆల్ల కొలతకు పొడుగు గీసిన్రు" అన్నాడు. నవ్వాం గాని, పక్షం రోజుల్లో ఆ పరదేశీ వస్తున్నాడనగా చివరికి అదే సిద్ధాంతం నిలబడింది. తల బిగిస్తేనే కదా ఆగుతోంది, అంటే తల పిన్నుని ఎక్కువ నొక్కుతోంది, అంటే పిన్ను వెంట్రుకవాసి పొడుగు. ఇంతకంటే తిరుగులేని తర్కం కాశీ పండితులు కూడా చెప్పలేరు.

మామ ఒక్కడే వెనకాడాడు. "నక్షల ఎంతుందో గంతనే జేసినం గద సార్" అన్నాడు. సారు పైగుండీ విప్పి, నక్ష కాగితం మీద ఉంది మేస్త్రీ, నీళ్లు ఇక్కడ ఆగాయి అన్నారు. మామ లేచి ఆకురాయి తీసుకున్నాడు. ఒక పిన్ను తీసి, దాని కొస మీద ఆకురాయిని పసిపిల్లకి గోళ్లు తీసినంత మెత్తగా రెండుసార్లు నడిపి, మళ్లీ బిగించాడు. మరుగుతున్న నీళ్లు గొల్లుమంటూ రేడియేటరులోకి దూకాయి.

ఆ సంబరం చెప్పలేను. వైశాఖపు ఎండలో, రేకుల షెడ్డులో, ప్లైవుడ్డు గదిలో, వేడినీళ్ల పలకల మధ్య నిలబడి, ఒళ్లంతా చెమట కాలువలు కడుతుంటే, వెచ్చగా ఉంది వెచ్చగా ఉంది అని ఒకరినొకరు కౌగిలించుకున్న మనుషుల్ని మీరెక్కడా చూసి ఉండరు. ఆ మర్నాటినుంచి షెడ్డంతా వరసగా కూర్చుని, బియ్యంలో రాళ్లేరినంత శ్రద్ధగా, చేసిన ప్రతి పిన్నునీ మామ చూపించిన కొలతకి అరగదీసింది. అత్త సేమ్యా పాయసం వండి పంపింది. మామ ఆ సాయంత్రం సైకిలు తొక్కాడు, ఎత్తు మీద కూడా దిగలేదు, వెనక కూర్చున్న నన్ను కూడా దిగమనలేదు.

ఆ చలిదేశపాయన వచ్చేసరికి రోహిణి కార్తె వచ్చి ఎండ ఇంకా ముదిరింది. కారు దిగి గేటునుంచి షెడ్డు దాకా నడిచేలోపల పాలరంగు మనిషి కాస్తా టమాటారంగుకి తిరిగాడు. కూలరు ముందు కూర్చోబెట్టి, చెంబులకు చెంబులు మజ్జిగ పట్టించాక మనుషుల్ని గుర్తుపట్టాడు. మంచి మనిషి. మా గదిలోకి వెళ్తూ తనూ బూట్లు విప్పాడు. కిటికీలో కొబ్బరిచెట్టు చూసి మీసంలో నవ్వుకున్నాడు. బీరువా వెనక చెయ్యి పెట్టి తడిమి, మోకాళ్ల మీద వంగి, తన జేబులోంచి చిన్న లైటు తీసి చూసి, ఇది ఎవరు బిగించారని అడిగాడు. మామని ముందుకు నెట్టాం. ఆయన మామ చెయ్యి పట్టుకుని ఊపుతూ, మా దేశంలో దీనికి బీరువా జరుపుతాం, కొన్నిచోట్ల గోడ కూడా పగలగొడతాం అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. మామ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

తరవాత ఆయన రేడియేటరు మీద అరచెయ్యి పెట్టాడు. కాలిపోతోంది. వాల్వు వంక చూశాడు, తలని మూసే వైపు, మంచుపువ్వు దాకా వెనక్కి తిప్పాడు. అయినా కాలిపోతోంది. జేబులోంచి సన్నటి ఉష్ణమాపకం తీసి గదిలో పట్టుకుని చూశాడు. ఆయన ముఖంలో నవ్వు ఎక్కడికో వెళ్లిపోయింది. కొంచెం మంచు దొరుకుతుందా అని అడిగాడు. నెత్తిన పెట్టుకోవడానికని అనుకున్నాం. క్యాంటీను అన్న పరుగున వెళ్లి చెరుకురసం బండి దగ్గరినుంచి గోనెలో చుట్టిన గడ్డ తెచ్చాడు.

ఆయన దాన్ని నెత్తిన పెట్టుకోలేదు. సరిచెయ్యని వాల్వు ఒక్కటైనా ఉందా అని అడిగాడు. సరిచేశారని తనకెవరూ చెప్పలేదు, చూస్తే తెలిసింది. పెట్టెలన్నీ వెతికాం, అన్నీ అరగదీసినవే. అప్పుడు సారు మెల్లగా లేచి, తన గదిలోకి వెళ్లి, లక్ష్మీదేవి ముందునుంచి పసుపు కుంకుమ అంటిన ఆ మొదటి వాల్వు తెచ్చారు. మామ దాన్ని తలుపు మూల బిగించాడు. నీళ్లు ఆగిపోయాయి. "సూడున్రి, ఇదే రోగం, మేము బాగు జేసింది దీన్నే" అని వెనకనుంచి ఎవరో గర్వంగా అన్నారు.

ఆయన తన రుమాలులో మంచుముక్కలు మూటకట్టి, కుంకుమబొట్టు మీదుగా ఆ వాల్వు తలకి చుట్టి, పక్కనే గొంతుకూర్చుని ఎదురుచూశాడు. షెడ్డు రేకులు తప్ప ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి గొట్టంలో పాము బుసకొట్టినట్టు సన్నటి చప్పుడు. నీళ్లు వచ్చాయి. రేడియేటరు వెచ్చబడింది, తరవాత కాలింది. ఆయన రుమాలు తీసేశాడు. మళ్లీ కాసేపటికి, ఎవరూ తాకకుండానే, వాల్వు తనంతట తాను మూసుకుంది.

ఆయన చెప్పాడు, నేను తెలుగు చేశాను. నా జన్మలో అంత తేలికైన ఇంగ్లీషుని అంత కష్టపడి తెలుగు చెయ్యలేదు. వాల్వు చెడిపోలేదు. ఇక్కడ గది వేడిగా ఉంది, అందుకే మూసుకుంది. దాని పనే అది. పిన్ను అరగదీసినవి ఇక గది ఎంత వేడెక్కినా మూసుకోవు. పరదా వెనక చిక్కిన వేడికి వాల్వు మోసపోతుందని అన్ని ఒంపు తునకలూ అన్ని రాగి గొట్టాలూ చేసిన మాకు, ఎండాకాలంలో నాచారం నాచారమంతా ఒక పెద్ద పరదా వెనక ఉందని తట్టలేదు.

మామ నా వంక చూసి, "అంటే మొదలే మంచిగుండెనా" అన్నాడు.

నేను తల ఊపాను.

"అడుగు అల్లుడా. పిన్నులు మళ్ళ జేస్తమను. రెండు డూటీలు జేస్తమను. ఇంటికే వోమని చెప్పు" అన్నాడు. అడిగాను. పిన్నులు ఒంటి లోపల బిగించి సీలు చేసేశాం, విప్పితే ఒళ్లు కూడా పనికిరాదు, మళ్లీ మొదటినుంచి చేస్తే చలికాలం లోపల ఓడ ఎక్కదు, చలికాలం దాటాక ఆ సరుకు కొనేవాడు లేడు. ఆయన అదంతా చాలా నెమ్మదిగా, తనదే తప్పన్నట్టు చెప్పి, చివర్లో మామ వైపు తిరిగి ఇంకో మాట కూడా అన్నాడు. నీ చెయ్యి మంచిదంటున్నాడు మామా అని చెప్పాను.

"సెయ్యి మంచిగుంటే ఏం లాభం బిడ్డా" అన్నాడు మామ, "సలి లేకపాయె."

సారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఈసారి పైగుండీ కూడా విప్పలేదు. వానలు పడేలోపల షెడ్డు అమ్మేశారు. మిషన్లు ఒక్కొక్కటే లారీ ఎక్కాయి, ఆ చలిదేశపు గదిని మాత్రం విప్పడానికి ఎవరికీ చేతులు రాక చివరిదాకా ఉంచి, ఆఖరిరోజు మామే మేకులు పీకాడు. అత్త దుప్పటి ఉతికి ఇవ్వలేదు, ఆమె అడగలేదు. క్యాంటీను అన్న హబ్సిగూడలో హాస్టలు పిల్లలకి ఇడ్లీ బండి పెట్టుకున్నాడు. నేను ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు పంతులుగా చేరి, పగ తీర్చుకోవడం మొదలుపెట్టాను.

మామకి నారపల్లిలో ఒక వెంచరుకి కాపలా పని దొరికింది. హద్దురాళ్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, స్థలం చూసుకోవడానికి కార్లలో వచ్చినవాళ్లకి ఇది కందికి మంచి భూమి, నీళ్లు కూడా ఎక్కువ అడగదు అని చెప్పేవాడట. వాళ్లు వాస్తు అడిగితే ఈయన కంది సంగతి చెప్పేవాడు. అందుకని ఎక్కువ రోజులు ఉంచుకోలేదు.

పోయిన ఎండాకాలం ఆయన్ని కళ్ల దవాఖానాకి స్కూటరు మీద తీసుకెళ్తుంటే, నాచారంలో ఆ వీధి మొగలో ఆపమన్నాడు. షెడ్డు ఎప్పుడో నేలమట్టమైంది. అక్కడ ఇప్పుడు కిటికీ అనేది ఎరగని ఒక పెద్ద తెల్లటి గోదాము ఉంది. మామ గేటు దాకా నడిచి నిలబడ్డాడు. కాపలా పిల్లగాడు ఏం గావాలె పెద్దమనిషీ అని లేచాడు.

"ఏం లేదు బిడ్డా. లోపట ఏముంటది" అని అడిగాడు మామ.

"ఐస్క్రీములు, బటాణీలు, చాపలు. మస్తు సల్లగుంటది లోపట, మేము గూడ కోటు లేకుంట వోము" అన్నాడు ఆ పిల్లవాడు.

మామ లోపలికి రానిమ్మని అడగలేదు. అడగడానికి ఆయన దగ్గర పాసు లేదు, మేస్త్రీ అన్న పేరు లేదు, ఏ వంకా లేదు. ఎండ నెత్తిన పగులుతుంటే ఆ తెల్లగోడకి అరచెయ్యి ఆనించి, చూపు సరిగా ఆనని కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. వెనక్కి వచ్చి స్కూటరు ఎక్కుతూ, "గిప్పుడైతే మన వాల్వు తెరుసుకుంటుండె అల్లుడా" అన్నాడు.

ఎంత చిన్న సంగతినైనా ఏనుగంత చేసి చెప్పే నా నోటికి ఆ రోజు పెంచి చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఆ వీధిలో ఇప్పుడు సైరను లేదు, పచ్చళ్ల వాసన లేదు. ఎక్కడెక్కడో తయారైన సరుకు లారీల్లో వస్తుంది, గోదాముల్లో కొన్నాళ్లు నిద్రపోతుంది, ఇంకో లారీ ఎక్కి పోతుంది. దాన్ని ఎవరు చేశారో మోసేవాడికి తెలియదు, ఎందుకు చేశారో కాపలావాడికి అక్కర్లేదు. మేము మాత్రం ఎన్నడూ చూడని ఇళ్లకోసం, ఎన్నడూ ఎరగని చలికోసం, చెమటలు కక్కుతూ వెంట్రుకవాసి తేడా రాకుండా అంత పెద్ద పొరపాటు చేశాం. ఇప్పుడు ఆ వీధిలో అలాంటి పొరపాటు చేసేవాడు ఒక్కడూ లేడు. పొరపాటు జరగాలన్నా, ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూ ఉండాలి కదా.